రేవు దాటిన శ్రామికులు: కోనసీమ వలసల చరిత్రలో కార్మిక, వినియోగదారుల హక్కులు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఆనకట్ట, కాలువలు, వలస
9.3 మేస్త్రీ, అడ్వాన్సు, 1859 చట్టం
9.4 బర్మా: వలస చట్టం వర్తించని దారి
9.5 శిక్షించే చట్టం నుంచి హక్కునిచ్చే చట్టానికి
9.6 గల్ఫ్ దారి, 1983 వలస చట్టం
9.7 ఇల్లు కూడా పనిచేసే చోటేనా?
9.8 ఏజెంటుకు డబ్బు కట్టినవారు వినియోగదారులేనా?
9.9 నిత్యజీవితంలో ఎదురయ్యే ప్రశ్నలు
9.10 సారాంశం
9.11 ముఖ్య పదాలు
9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
- గోదావరి డెల్టా నుంచి బర్మాకు, ఆ తరువాత గల్ఫ్ దేశాలకు సాగిన శ్రామిక వలసల నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
- 1859 నుంచి నేటి వరకు కార్మిక చట్టాల స్వభావం ఎలా మారిందో చెప్పగలుగుతారు.
- చట్టం ఉన్నప్పటికీ వలస కార్మికులకు రక్షణ ఎందుకు అందలేదో విశ్లేషించగలుగుతారు.
- కార్మిక హక్కుకు, వినియోగదారుల హక్కుకు మధ్య తేడాను గుర్తించి, ఏ సమస్యకు ఏ అధికారిని ఆశ్రయించాలో తెలుసుకోగలుగుతారు.

9.1 పరిచయం

తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం, నడుమ వైనతేయ. ఇదీ కోనసీమ భూగోళం. వంతెనలు రాకముందు ఇక్కడివారు ఎటు వెళ్లాలన్నా ఏదో ఒక రేవు దాటవలసిందే. పని కోసం ఊరు విడిచినవారి చరిత్ర కూడా రేవుల దగ్గరే మొదలవుతుంది. ఒకప్పుడు వారు గౌతమి దాటి కాకినాడ చేరి, అక్కడ ఓడ ఎక్కి రంగూన్ వెళ్లారు. గత నాలుగైదు దశాబ్దాలుగా రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, అమలాపురం వంటి ప్రాంతాల నుంచి కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. గల్ఫ్‌కు వెళ్లేవారిలో ఇంటిపనికి వెళ్లే స్త్రీల సంఖ్య ఎక్కువగా ఉండటం ఈ ప్రాంత వలసకు ఉన్న ప్రత్యేకత.

చట్టాలు లేని కాలంలో దోపిడీ జరిగింది, చట్టాలు వచ్చాక హక్కులు లభించాయి అని సాధారణంగా భావిస్తాం. కోనసీమ వలసల చరిత్ర ఇంత సూటిగా లేదు. ప్రతి దశలోనూ ఏదో ఒక చట్టం ఉంది. అయితే శ్రామికులు నడిచిన దారి చాలాసార్లు ఆ చట్టం పరిధికి బయట ఉండిపోయింది. అలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడమే ఈ యూనిట్ ముఖ్యోద్దేశం. చదువుతున్నప్పుడు మూడు ప్రశ్నలను గుర్తుంచుకోండి. పనిలోకి చేర్చినది ఎవరు? ప్రయాణానికి డబ్బు ఎవరిది? కాగితం ఎవరి చేతిలో ఉంది?

9.2 ఆనకట్ట, కాలువలు, వలస

19వ శతాబ్దం మొదటి భాగంలో గోదావరి డెల్టా కరువులతో, తుఫానులతో చితికిపోయింది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308 ఉండగా, 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. ఈ పరిస్థితిలో సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం వద్ద 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసింది. గన్నవరం వద్ద వైనతేయపై కట్టిన అక్విడక్టు ద్వారా కాలువ నీరు ఏటి అవతల ఉన్న నగరం లంకకు, అంటే రాజోలు ప్రాంతానికి చేరింది. కోనసీమ వరిచేలతో, కొబ్బరితోటలతో నిండింది.

ఇంత నీరు, ఇంత పంట వచ్చిన తరువాత కూలీలు ఎందుకు వలస వెళ్లారన్న సందేహం మీకు కలగవచ్చు. వరి పని ఏడాది పొడవునా ఉండదు. నాట్లు, కోతలు, నూర్పిళ్ల కాలంలో చేతినిండా పని దొరుకుతుంది. వేసవిలో కాలువలు కట్టివేస్తే పనులు ఆగిపోతాయి. భూమి ఉన్న కుటుంబానికి గాదెలో ధాన్యం ఉంటుంది. భూమి లేని కుటుంబానికి ఆ నెలలు అప్పుతోనే గడుస్తాయి. డెల్టా సంపద పెరిగినా అందులో భూమిలేనివారి వాటా అదే నిష్పత్తిలో పెరగలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే దిగువ బర్మాలో వరిసాగు విస్తరించింది. కొత్త ధాన్యం జనవరి నుంచి రంగూన్ మిల్లులకు చేరేది. ఇక్కడ కోతలు ముగిసే వేళకు అక్కడ మిల్లులు మొదలయ్యేవి. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వేలాదిమంది ఓడలెక్కారు. కోస్తా ఊళ్లలో రంగూన్‌ను 'రంగం' అనేవారు. బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు స్థిరపడింది. గౌతమి ముఖద్వారం దగ్గర ఉన్న పాత ఓడరేవు కోరంగి నుంచే ఈ మాట పుట్టింది.

9.3 మేస్త్రీ, అడ్వాన్సు, 1859 చట్టం

కూలీ తనంతట తానుగా రంగూన్ వెళ్లి మిల్లు యజమానిని పని అడిగింది తక్కువ. ఇద్దరి మధ్య మేస్త్రీ ఉండేవాడు. ఊరికి వచ్చి మనుషులను కూడగట్టేది, ఓడ టిక్కెట్టు కొనేది, ఇంటి ఖర్చుకు కొంత అడ్వాన్సు ఇచ్చేది అతడే. బదులుగా ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయించుకొనేవాడు. రంగూన్‌లో మిల్లు యజమాని జీతాల మొత్తాన్ని మేస్త్రీకి ఇచ్చేవాడు. మేస్త్రీ తన బాకీ, తన వాటా మినహాయించుకొని మిగిలినది కూలీ చేతిలో పెట్టేవాడు. ఎంత పనికి ఎంత కూలి వచ్చిందో, ఎంత మినహాయించారో తెలిపే లెక్క కూలీ దగ్గర ఉండేది కాదు.

అడ్వాన్సు తీసుకున్న కూలీ విషయంలో అప్పటి చట్టం వైఖరి ఏమిటో చూద్దాం. కలకత్తా వర్తకుల విజ్ఞప్తి ఫలితంగా బ్రిటిష్ ప్రభుత్వం 1859లో 13వ చట్టాన్ని చేసింది. దీనిని పనివారి ఒప్పంద ఉల్లంఘన చట్టం అంటారు. అడ్వాన్సు తీసుకొని సరైన కారణం లేకుండా పని మానిన కార్మికుడిపై యజమాని మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు తిరిగి కట్టమని గాని, పని పూర్తి చేయమని గాని మేజిస్ట్రేటు ఆదేశిస్తాడు. ఆదేశాన్ని పాటించకపోతే మూడు నెలల వరకు జైలు.

ఈ చట్టంలోని అసమానతను గమనించండి. ఒప్పందాన్ని కార్మికుడు తప్పితే అది జైలుకు పంపగల నేరం. యజమాని జీతం ఎగ్గొడితే అది సివిల్ తగాదా. కార్మికుడు ఖర్చులు పెట్టుకొని దావా వేసుకోవాలి. ఒకే ఒప్పందంలోని ఇరు పక్షాలకు చట్టం రెండు వేర్వేరు తూనికరాళ్లు వాడింది. ఈ చట్టం 1925లో రద్దయింది. రద్దు 1926 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - I
1. ఆనకట్ట వచ్చిన తరువాత కూడా డెల్టా నుంచి వలస కొనసాగడానికి కారణం ఏమిటి?
2. 1859 చట్టం యజమానిని, కార్మికుడిని సమానంగా చూడలేదని ఎలా చెప్పవచ్చు?

9.4 బర్మా: వలస చట్టం వర్తించని దారి

1922లో భారత వలస చట్టం వచ్చింది. మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా వంటి చోట్లకు భారతీయులను ఒప్పంద కూలీలుగా పంపడంపై దేశంలో చెలరేగిన నిరసన దీనికి నేపథ్యం. నైపుణ్యం అవసరం లేని పనికి కూలీలను ప్రభుత్వం ప్రకటించిన దేశాలకే, నిర్దేశించిన షరతులతోనే పంపాలని ఈ చట్టం చెప్పింది. ఓడరేవుల్లో వలసదారుల రక్షణాధికారులకు అధికారాలు ఇచ్చింది.

కాని ఈ చట్టం దృష్టిలో వలస అంటే బ్రిటిష్ ఇండియాను విడిచి సముద్రం మీద వెళ్లడం. బర్మా 1937 ఏప్రిల్ 1 వరకు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాబట్టి కాకినాడలో ఓడ ఎక్కి రోజుల తరబడి సముద్రం దాటి, వేరే భాష, వేరే సమాజం ఉన్న నగరంలో దిగిన గోదావరి కూలీ చట్టం లెక్కలో విదేశానికి వెళ్లినట్లు కాదు. సింహళానికో మలయాకో వెళ్లే కూలీకి వర్తించిన రక్షణలు అతడికి వర్తించలేదు. అతడు మేస్త్రీ దయ మీదనే ఆధారపడ్డాడు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు సుమారు 10 లక్షలు. నాలుగు లక్షల జనాభా గల రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులో ఓడలకు సరుకు ఎక్కించేవారిలో, దింపేవారిలో తెలుగువారే అధికం. 1930 మేలో ఈ రేవు కార్మికులు కూలి పెంచాలని సమ్మె చేశారు. కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకొన్నాయి. కొద్ది రోజులకు కూలి పెంపునకు అంగీకరించి, తెలుగు కార్మికులను తిరిగి తీసుకొన్నాయి. మే 26 ఉదయం పనికి వచ్చిన బర్మీయులకు ఇక పని లేదని తెలిసింది. రేవులో మొదలైన ఘర్షణ నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. వందలాదిమంది గాయపడ్డారు. మృతుల్లో అత్యధికులు భారతీయ శ్రామికులు.

ఈ ఘటనను జాతుల మధ్య వైరంగా మాత్రమే చూస్తే అసంపూర్ణంగా అర్థమవుతుంది. కార్మికులిద్దరూ రోజుకూలీలే. పని నుంచి తీసివేయడానికి ముందస్తు నోటీసు గాని, తిరిగి తీసుకోవడానికి నియమం గాని ఇద్దరికీ లేవు. కంపెనీల నిర్ణయాల భారాన్ని కార్మికులు ఒకరి మీద ఒకరు తీర్చుకొన్నారు. రంగూన్‌లో వలస కార్మికుల వ్యవహారాలు చూసిన అధికారి ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో వెలువరించిన పుస్తకంలో మేస్త్రీ పద్ధతిని వివరంగా నమోదు చేశాడు. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్‌పై బాంబులు వేయడంతో లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. చాలామంది కొండదారుల్లో కాలినడకన బయలుదేరారు. దారిలో వేలమంది మరణించారు. ఈ వలస అధ్యాయం అలా ముగిసింది.

9.5 శిక్షించే చట్టం నుంచి హక్కునిచ్చే చట్టానికి

బర్మా వలస సాగుతున్న కాలంలోనే చట్టం ధోరణి మారడం మొదలైంది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడటం, దేశంలో కార్మిక సంఘాలు బలపడటం దీనికి కారణాలు. పనిలో ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఇవ్వాలన్న చట్టం 1923లో, కార్మిక సంఘాల చట్టం 1926లో, జీతాలను గడువులోగా, అక్రమ కోతలు లేకుండా చెల్లించాలన్న చట్టం 1936లో వచ్చాయి. ప్రమాద పరిహారం యజమాని దయాదాక్షిణ్యం కాదు, బాధ్యత అని మొదట గుర్తించినది 1923 చట్టమే.

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్నారు. ఆ కాలంలో, 1946లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారపు పనిగంటలను 54 నుంచి 48కి తగ్గించారు. కనీస వేతనాల బిల్లును కూడా 1946లోనే ప్రవేశపెట్టారు. అది 1948లో చట్టమైంది. వ్యవసాయ కూలీలను కూడా కనీస వేతన పరిధిలోకి తెచ్చినందువల్ల ఈ చట్టం కోనసీమ వంటి వరిప్రాంతాలకు ముఖ్యమైనది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లా అదే ఏడాది అంబేడ్కర్ పేరును స్వీకరించింది. ఆయన కార్మిక శాఖలో చేసిన కృషిని ఈ జిల్లా విద్యార్థులు ప్రత్యేకంగా చదవడం సముచితం.

రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిచాకిరిని నిషేధించింది. దాని కొనసాగింపుగా 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అడ్వాన్సును అడ్డుపెట్టుకొని మనిషిని పనిలో కట్టిపడేయడం ఈ చట్టం కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించదగిన నేరం. 1859లో అడ్వాన్సు తీసుకొని వెళ్లిపోయిన కార్మికుడు దోషి. 1976లో అడ్వాన్సు పేరుతో కార్మికుడిని వెళ్లనివ్వని యజమాని దోషి. చట్టం ఈ మలుపు తిరగడానికి 117 ఏళ్లు పట్టింది.

1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించడం కూడా 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరి కిందకే వస్తుందని చెప్పింది. ఆకలి వల్ల ఒప్పుకొన్న ఒప్పందం స్వేచ్ఛగా ఒప్పుకొన్నది కాదన్నది ఈ తీర్పులోని సారం.

వేతనాలకు, ప్రమాద పరిహారానికి సంబంధించిన పాత చట్టాలను కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక స్మృతులలో విలీనం చేసి, 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చింది. పాత చట్టాల పేర్లు మారినా, వాటి చరిత్ర తెలిస్తేనే కొత్త స్మృతుల నిబంధనలు అర్థమవుతాయి.

9.6 గల్ఫ్ దారి, 1983 వలస చట్టం

1973 తరువాత చమురు ధరలు పెరగడంతో గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు, వాటితోపాటు ఇంటిపనివారి అవసరం పెరిగాయి. మేస్త్రీ స్థానంలో ఏజెంటు వచ్చాడు. ప్రామిసరీ నోటు స్థానంలో వీసా కాగితం వచ్చింది. అప్పు మాత్రం అలాగే ఉంది. బర్మా కాలంలో అడ్వాన్సు మేస్త్రీ నుంచి కూలీకి వచ్చింది. గల్ఫ్ కాలంలో కూలీయే అప్పు తెచ్చి ఏజెంటుకు కడుతున్నాడు. ఈ తేడాకు చట్టపరమైన ప్రాధాన్యం ఉంది. దానిని 9.8లో చూస్తారు.

1922 చట్టం స్థానంలో వలస చట్టం, 1983 వచ్చింది. ఇది 1983 డిసెంబరు 30 నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదు కావాలి, బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. వారు గల్ఫ్ దేశాలతో సహా ప్రభుత్వం గుర్తించిన దేశాలకు పనికి వెళ్లాలంటే వలసదారుల రక్షణాధికారి అనుమతి అవసరం. ఏజెంటు వసూలు చేయగల సేవారుసుము 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించకూడదు. ఇంటిపనికి వెళ్లే ఈసీఆర్ స్త్రీలకు కనీస వయసు 30 ఏళ్లు. 2016 నుంచి వారిని ప్రభుత్వ నియామక సంస్థల ద్వారానే పంపాలన్న నియమం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ ఓంక్యాప్.

కాగితం మీద ఇది గట్టి రక్షణ. అయితే రక్షణాధికారి అనుమతి పనికి వెళ్లేవారికే. సందర్శకులుగా వెళ్లేవారికి అక్కరలేదు. కాబట్టి విజిట్ వీసాపై పంపి, అక్కడ పనిలో చేర్చే దారి ఏర్పడింది. వయసు సరిపోని, అనుమతికి ఆగలేని స్త్రీలు ఈ దారినే వెళ్లారు. నిబంధన ఎంత కఠినమైతే అంత మంది పక్కదారి పడతారని వలసలను అధ్యయనం చేసినవారు వాదిస్తారు. బర్మా కూలీ విదేశానికి వెళ్లనట్లు చట్టం భావించింది. విజిట్ వీసా మీద వెళ్లిన స్త్రీ పనికి వెళ్లనట్లు చట్టం భావిస్తోంది. రెండు సందర్భాల్లోనూ ఆపద ఆ భావనకూ వాస్తవానికీ నడుమనే పొంచి ఉంది.

కాగితం విలువ ఎంతటిదో 1990 చూపింది. ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. లక్షకు పైగా భారతీయులను విమానాల్లో తీసుకొచ్చారు. తరువాత ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన పరిహార కమిషన్, కువైట్ లేదా ఇరాక్ విడిచి రావలసి వచ్చిన వ్యక్తులకు 2,500 లేదా 4,000 డాలర్ల చొప్పున పరిహారం నిర్ణయించింది. అయితే ఆ సమయంలో తాము అక్కడి నుంచి బయలుదేరి వచ్చామని చూపగలగాలి. పాస్‌పోర్టు, నివాస కాగితం, ప్రయాణపు ఆధారం భద్రపరచుకొన్నవారి పని తేలికైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - II
1. 1922 వలస చట్టం బర్మా వెళ్లిన కూలీలకు ఎందుకు వర్తించలేదు?
2. 1983 చట్టం పరిధి నుంచి విజిట్ వీసా దారి ఎలా తప్పించుకొంటుంది?

9.7 ఇల్లు కూడా పనిచేసే చోటేనా?

కార్మిక చట్టాలు ఫ్యాక్టరీ, గని, రేవు, తోట వంటి చోట్లను దృష్టిలో పెట్టుకొని పుట్టాయి. ఇల్లు వాటిలో లేదు. ఇంట్లో చేసే పనిని పనిగా గుర్తించకపోవడం గల్ఫ్‌కే పరిమితం కాదు. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. అక్కడి లేసు అల్లిక స్త్రీలపై జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో వెలువడింది. లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, దానిని అల్లే స్త్రీలను కార్మికులుగా కాక తీరిక వేళల్లో అల్లుకొనే గృహిణులుగా లెక్కించారని, తక్కువ కూలికి ఆ లెక్కే ఆధారమైందని ఆమె చూపారు.

గల్ఫ్ ఇంటిపనివారి సమస్య ఇంతకన్నా జటిలం. అక్కడి కఫాలా పద్ధతిలో విదేశీ కార్మికుల నివాస అనుమతి యజమానితో ముడిపడి ఉంటుంది. యజమానిని విడిచి బయటికి వస్తే అక్రమ నివాసం అవుతుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటే ఇంటికి రావడమూ కష్టమే. ఇలా చిక్కుకొన్నవారు స్వదేశానికి తిరిగి వెళ్లేందుకు కువైట్ ప్రభుత్వం 2018లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించింది.

2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను ఆమోదించింది. ఇంటిపనివారు కూడా ఇతర కార్మికుల వంటివారేనని ఇది ప్రకటించింది. భారతదేశం గాని, కువైట్ గాని దీనిని ధ్రువీకరించలేదు. అయినా కువైట్ 2015లో 68వ నంబరు చట్టం ద్వారా ఇంటిపనివారికి రోజుకు గరిష్ఠంగా 12 గంటల పని, వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చెల్లింపు నిర్దేశించింది. యజమాని పాస్‌పోర్టు ఉంచుకోరాదని కూడా చెప్పింది. 2016లో కనీస జీతం నెలకు 60 దీనార్లుగా నిర్ణయించింది. నాలుగు గోడల మధ్య ఈ హక్కులు అమలవుతున్నాయో లేదో చూడటమే కష్టం. అయినా హక్కు ఉందని తెలియడం దానిని అడగడానికి మొదటి మెట్టు.

9.8 ఏజెంటుకు డబ్బు కట్టినవారు వినియోగదారులేనా?

కార్మిక చట్టం యజమానికి, కార్మికుడికి మధ్య సంబంధాన్ని చూస్తుంది. ఏజెంటు యజమాని కాడు. మరి అతడి మీద ఏ చట్టం?

1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. డబ్బు చెల్లించి సరుకు కొన్నవారే కాక, సేవ పొందినవారు కూడా వినియోగదారులే. అయితే 'వ్యక్తిగత చాకిరి ఒప్పందం' సేవ కిందకు రాదని చట్టం మినహాయించింది. ఈ మినహాయింపు అర్థాన్ని సుప్రీంకోర్టు 1995లో వైద్యుల బాధ్యతకు సంబంధించిన కేసులో వివరించింది. యజమాని ఆజ్ఞలకు లోబడి పనివాడు చేసేది వ్యక్తిగత చాకిరి. డాక్టరు రోగికి చేసేది వృత్తిపరమైన సేవ. మొదటిది మినహాయింపులో ఉంది, రెండవది లేదు.

ఈ తర్కాన్ని వలసకు అన్వయించి చూద్దాం. ఉదాహరణకు, మామిడికుదురు మండలానికి చెందిన ఒక స్త్రీ కువైట్‌లో ఇంటిపని కోసం ఒక ఏజెంటుకు డబ్బు కట్టిందనుకొందాం. ఆమెకూ కువైట్ యజమానికీ మధ్య ఉన్నది చాకిరి ఒప్పందం. అక్కడి జీతం బకాయి వినియోగదారుల కమిషన్ పరిధిలోకి రాదు. ఆమెకూ ఏజెంటుకూ మధ్య ఉన్నది వేరు. అక్కడ ఆమె డబ్బు చెల్లించి సేవ కొన్నది. చెప్పిన వీసా ఇవ్వకపోయినా, చెప్పిన పని కాక వేరే పనికి పంపినా, పంపకుండా డబ్బు ఉంచుకొన్నా అది సేవాలోపం అని వాదించవచ్చు. ఒకే స్త్రీ ఒకే ప్రయాణంలో ఒకవైపు కార్మికురాలు, మరొకవైపు వినియోగదారు. ఏ ఫిర్యాదు ఎక్కడ చేయాలో ఈ తేడా తేల్చి చెబుతుంది.

2019 చట్టంలో రెండు సౌకర్యాలు గ్రామీణులకు ఉపయోగపడతాయి. మొదటిది, ఏజెంటు కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా పరిధిలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రెండవది, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి.

నమోదు లేని ఏజెంటు మనుషులను చేర్చడం 1983 చట్టం కింద నేరం. మోసం చేస్తే భారతీయ న్యాయ సంహిత కింద పోలీసు కేసు కూడా పెట్టవచ్చు. వినియోగదారుల కమిషన్ డబ్బు, పరిహారం ఇప్పించగలదు. శిక్ష విధించేది క్రిమినల్ కోర్టు. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

9.9 నిత్యజీవితంలో ఎదురయ్యే ప్రశ్నలు

(అ) ఏజెంటు రసీదు ఇవ్వనంటే? నగదు ఇవ్వకుండా బ్యాంకు ద్వారా చెల్లించడం మేలు. ఫోన్‌పేలో పంపినా, ఖాతాకు పంపినా ఆ నమోదు సాక్ష్యమవుతుంది. వాట్సాప్ సందేశాలను తుడిచివేయకూడదు.

(ఆ) ఏజెంటు నమోదయ్యాడో లేదో ఎలా తెలుస్తుంది? ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంట్ల జాబితా ఉంటుంది. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు పేరు అందులో లేకపోతే, అతడు ఎవరి తరఫున వచ్చానన్నా నమ్మకూడదు.

(ఇ) పాస్‌పోర్టును ఏజెంటు పట్టుకొని ఉంటే? 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దానిని స్వాధీనంలో ఉంచుకొనే అధికారం పాస్‌పోర్టు అధికారికే ఉందని, పోలీసులకు కూడా లేదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. అప్పుకు తాకట్టుగా పాస్‌పోర్టు ఉంచుకొనే హక్కు ఏజెంటుకు లేదు.

(ఈ) విదేశంలో ప్రమాదం జరిగితే? వలస అనుమతితో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన వర్తిస్తుంది. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. అనుమతి లేకుండా విజిట్ వీసాపై వెళ్లినవారు కోల్పోయే రక్షణల్లో ఇది ఒకటి.

(ఉ) స్వదేశంలో జీతం బకాయి ఉంటే? వేతనాల స్మృతి కింద మూడేళ్లలోగా కార్మిక శాఖ అధికారి వద్ద క్లెయిము వేయవచ్చు.

(ఊ) వకీలు ఫీజు భరించలేకపోతే? 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల వద్ద మండల న్యాయ సేవాధికార కమిటీని సంప్రదించవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. వినియోగదారుల సలహాకు 1915, వలస కార్మికుల సహాయానికి 1800-11-3090.

9.10 సారాంశం

డెల్టా సంపద భూమిలేనివారికి ఏడాది పొడవునా పని ఇవ్వలేదు. ఆ లోటు వారిని ముందు బర్మాకు, తరువాత గల్ఫ్‌కు పంపింది. 1859 చట్టం అడ్వాన్సు తీసుకొన్న కార్మికుడిని శిక్షించింది. 1923 నుంచి చట్టం క్రమంగా యజమాని బాధ్యతను గుర్తించి, 1976 నాటికి అడ్వాన్సుతో మనిషిని బంధించడాన్నే నేరం చేసింది. అయినా బర్మా దారి 1922 చట్టానికి, విజిట్ వీసా దారి 1983 చట్టానికి, ఇంటిపని చాలా కార్మిక చట్టాలకు బయట ఉండిపోయాయి. చట్టం ఉండటం ఒక ఎత్తు, తాను వెళ్లే దారి చట్టం పరిధిలో ఉందో లేదో ముందే తెలుసుకోవడం ఒక ఎత్తు. రేవు దాటాక అడిగే ప్రశ్న కన్నా దాటక ముందు అడిగే ప్రశ్న విలువైనది. మీ కుటుంబంలోనో ఊళ్లోనో విదేశీ ప్రయాణానికి సిద్ధమవుతున్నవారు ఉంటే, 9.9లోని ప్రశ్నలను వారితో కలిసి చదవండి.

9.11 ముఖ్య పదాలు

మేస్త్రీ: కూలీలను సమకూర్చి, వారికి యజమానికి మధ్య నిలిచి, జీతాలను తన చేతుల మీదుగా పంచే వ్యక్తి.
ఈసీఆర్: విదేశానికి పనికి వెళ్లేముందు వలస అనుమతి అవసరమని తెలిపే పాస్‌పోర్టు వర్గం.
కఫాలా: విదేశీ కార్మికుల నివాస అనుమతిని యజమానితో ముడిపెట్టే గల్ఫ్ దేశాల పద్ధతి.
సేవాలోపం: డబ్బు తీసుకొని అంగీకరించిన సేవను సరిగా అందించకపోవడం.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1859 నుంచి 1976 వరకు అడ్వాన్సు విషయంలో చట్టం వైఖరి మారిన తీరును చర్చించండి.
2. బర్మా వలసకు, గల్ఫ్ వలసకు గల పోలికలను, తేడాలను చట్టపరమైన దృష్టితో వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1930 రంగూన్ రేవు ఘర్షణకు దారితీసిన పరిస్థితులు ఏమిటి?
2. వ్యక్తిగత చాకిరి ఒప్పందానికి, సేవకు గల తేడాను ఉదాహరణతో తెలపండి.
3. కార్మిక శాఖలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కృషిని వివరించండి.